పవళింపు పాట, రెండు ప్రాసెసర్లు

ఏకాంతయ్యగారిని ఏదైనా అడిగితే అడిగిన పూట జవాబు దొరకదు. ముందు ఏదో ఒక పని చెబుతారు. ఆ పని ముగిసేసరికి అడిగినవాళ్లలో సగంమంది ప్రశ్న మరిచిపోతారు, మిగతావాళ్లకి మళ్లీ అడగాలంటే సిగ్గేస్తుంది. శ్రీకాకుళానికి ఎగువన, నాగావళి ఒడ్డున, ఆయన ఇల్లే ఆశ్రమం. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు పాడుకున్న మేలుకొలుపులు, మంగళహారతులు పాత క్యాసెట్ల మీద మిగిలినవి పోగుచేసి, కంప్యూటరులోకి ఎక్కించి దాచడం ఆయన పెట్టుకున్న సేవ.

ఆయన శిష్యుడు శేషఫణి ఒకనాడు పొద్దున్నే దండం పెట్టి అడిగాడు. "గురువుగారూ, నేనూ నరహరీ ఒకే ముహూర్తాన మీ దగ్గర మంత్రం తీసుకున్నాం. నా జపసంఖ్య వాడిదానికి నాలుగింతలుంటుంది. మీరేమో ఇద్దర్నీ ఒకేలా చూస్తారు. ఎవరి సాధన ఎక్కువ విలువైనదో ఒక్కసారి చెప్పకూడదా?"

"కంప్యూటరు సంగతి ఏం చేశావు?" అన్నారు ఏకాంతయ్యగారు.

ఆశ్రమంలోని కంప్యూటరు పాడైతే, పాతవి బాగుచేసి అమ్మే మస్తాను రెండు పెట్టెలు పంపించాడు. ఒకటి ఉంచుకుని ఒకటి తిరిగి ఇవ్వాలి. రెండింటిలోనూ ప్రాసెసర్లు ఏనాటివో. లోపల లెక్కలు చేసే కోర్లను చేతులంటూ, వాటి తేడాను మస్తాను ఇలా చెప్పి వెళ్లాడు: "దీనికి చేతులు రెండే, కానీ చురుకు. దానికి నాలుగున్నాయి, కాస్త నిదానం. ధర మాత్రం దానిదే ఎక్కువ. మీ పనికి ఏది నప్పుతుందో మీరే చూసుకోండి సామీ."

శేషఫణి రెండింటినీ వసారాలో పక్కపక్కన పెట్టాడు. ఆకాశం మబ్బుపట్టి ఉంది. ఏటి మీంచి చల్లటి తడిగాలి వస్తోంది. రెండు పెట్టెలూ సన్నగా ఒకే శ్రుతిలో మోగుతున్నాయి. కళ్లు మూసుకుంటే ఎవరో తంబురా మీటుతూ పాట ఎత్తుకోవడం మరిచిపోయినట్టుంది. అదే సమయానికి చేతిసంచీతో మా చిన్నమ్మమ్మ తాయారమ్మ మెట్లెక్కింది. ఆవిడ కొంత, తరువాత శేషఫణి కొంత చెప్పగా విన్నాం కనుకనే ఈ సంగతి మా ఇంట్లో నిలిచింది.

"ఏం చేస్తున్నాయి నాయనా అవి?" అని అడిగింది.

"లెక్కలు చేస్తున్నాయమ్మా."

"ఎవరివి?"

"ఎవరివీ కావు. వీటిలో ఏది గట్టిదో తెలుసుకోవడానికి ఇచ్చినవి. అయిపోగానే జవాబులు పారేస్తాయి."

"అయ్యో పాపం," అంది చిన్నమ్మమ్మ. లోపల గురువుగారి చేతిలో విసనకర్ర ఆగింది. ఏకాంతయ్యగారు నవ్వుకుంటున్నారని ఆవిడకి తెలిసిపోయింది.

పరీక్షలో నాలుగు చేతులదే గెలిచింది. శేషఫణి తృప్తిపడి, ఇప్పుడు చెప్పండమ్మా అని చిన్నమ్మమ్మ వైపు తిరిగాడు.

ఆవిడ సంచీలోంచి క్యాసెట్టు తీసింది. అందులో ఉన్నది వాళ్ల అక్క, అంటే మా అమ్మమ్మ అలివేలమ్మ గొంతు. మా ఇంటి వేణుగోపాలస్వామికి జానెడు పందిరిమంచం ఉంది. రోజూ దీపం తగ్గించే ముందు ఆయన్ను అందులో పడుకోబెట్టి పాడే పాట అమ్మమ్మే కట్టుకుంది. అమ్మమ్మ పోయాక ఆ సేవ చెల్లెలికి వచ్చింది. పాటంతా వచ్చుగానీ చివరి చరణంలో రెండు మాటలయ్యాక మిగతావి తెలియవు. క్యాసెట్టులో విందామంటే సరిగ్గా అక్కడే హోరు. ఎండాకాలంలో రికార్డు చేశారు. స్వామికి చెమట పడుతుందని అమ్మమ్మ పాట మధ్యలో టేబులు ఫ్యాను ఆయన వైపు తిప్పింది. టేపురికార్డరు స్వామి పక్కనే ఉంది.

"ఇన్నేళ్లూ ఆ చోటికి రాగానే రాగం తీసేసి, తప్పు క్షమించు తండ్రీ అని లెంపలేసుకుంటున్నాను. సగం పాటతో పడుకోబెడితే ఆయనకి నిద్ర పట్టిందో లేదో," అంది. "ఎడమ చెవి పోయింది బాబూ. కుడిచెవికీ లోకం దూరమవుతోంది. ఇదీ పోయేలోగా ఆ మాటలు తెలిస్తే చాలు."

శేషఫణి పాటను గెలిచిన పెట్టెకే అప్పగించాడు. హోరు వడకట్టే ప్రోగ్రాము పాతకాలంది, అది ఒక్క చేతికే పని చెప్పగలదు. మిగతా మూడు చేతులూ ఊరికే కూర్చున్నాయి. చిన్నమ్మమ్మ గోడకి ఆనుకుని కాళ్లు చాపుకుంది. జల్లు మొదలై, ఆగి, మళ్లీ మొదలైంది. వసారా, ఏరు, మబ్బు అన్నీ ఒకే రంగులోకి కరిగిపోయాయి. ఆవిడకి ఒకటి రెండుసార్లు కునుకు పట్టి తెలివొచ్చింది. ఎట్టకేలకు పని ముగిసింది.

స్పీకరుకి కుడిచెవి ఆనించి విన్నది చిన్నమ్మమ్మ. అక్క గొంతు నీళ్లలోంచి తేలి వచ్చినట్టు వచ్చింది. చివరి చరణం ఎత్తుకుంది. రెండు మాటలు. ఆ తరువాత ఉత్త రాగం. అదీ మెల్లమెల్లగా సన్నబడి, ఊపిరిలో కలిసి, పూజామందిరం తలుపు దగ్గరగా వేసిన చప్పుడుతో ఆగిపోయింది.

శేషఫణి, "హోరుతోపాటు మాటల్నీ తుడిచేసినట్టుందమ్మా. దీని వల్ల కాలేదు," అని రెండు చేతుల పెట్టెకి అదే పాట ఇచ్చాడు. దాని ఒక్క చెయ్యి చురుకైనది కనుక, చిన్నమ్మమ్మ నోట్లో వక్క నలగకముందే పని ముగించింది. విన్నారు. అవే రెండు మాటలు, అదే రాగం, అదే తలుపు చప్పుడు.

"ఇవి రెండూ పాతవమ్మా. పట్నంలో కొత్త ప్రాసెసర్లుంటాయి, నేను వెళ్లి ఇంతకన్నా పెద్దది..."

"ఉండు నాయనా." చిన్నమ్మమ్మ చెవి ఇంకా స్పీకరు దగ్గరే ఉంది. "మళ్లీ వెయ్యి."

మళ్లీ వేశాడు. ఈసారి ఆవిడ కళ్లు మూసుకుని, ఒడిలో ఎవరో ఉన్నట్టు చేత్తో మెల్లగా జోకొడుతూ విన్నది. తలుపు చప్పుడు అయ్యాక కూడా ఆ చెయ్యి కాసేపు ఆగలేదు.

"అక్కడ మాటలు లేవు బాబూ," అంది చివరికి. "నీకు పెళ్లయిందా?"

"లేదమ్మా."

"అందుకే తెలీదు. పిల్లాడు నిద్రలోకి జారాక తల్లి ఇంకా మాటలు పాడుతుందా? ఉత్త రాగమే తీస్తుంది, లేస్తాడేమోనని. అక్క పాడుతూ పాడుతూ ఆయన మొహంలోకి చూసుంటుంది. పడుకున్నాడు. ఊరుకుంది." కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది. "నేనే, ఆయన హాయిగా నిద్రపోతుంటే చెవి దగ్గర లెంపలేసుకుంటూ కూర్చున్నాను. ఎన్నిసార్లు లేపేశానో."

గురువుగారికి నమస్కారం చేసి, జల్లు తెరిపి ఇవ్వగానే బస్సుకి వెళ్లిపోయింది. క్యాసెట్టు అక్కడే ఉంచేసింది. ఇక దానితో తనకి పనిలేదంది.

శేషఫణి చాలాసేపు రెండు పెట్టెల మధ్యా కూర్చున్నాడు. చీకటిపడేవేళకి లోపలికి వెళ్లాడు.

"ఏది తిరిగి పంపమంటారు?"

"నాలుగు చేతులది పంపెయ్యి. మంచిదే అది, నలుగురు నాలుగు పనులు చేసుకునే చోటికి పోతే ధరకి తగ్గట్టు పనిచేస్తుంది. మన దగ్గర పాడేవాళ్లు ఒక్కొక్కరేగా."

శేషఫణి సిగ్గేసినా అడగకుండా ఉండలేకపోయాడు. "పొద్దున అడిగింది... నాదీ నరహరిదీ..."

ఏకాంతయ్యగారు విసనకర్ర పక్కన పెట్టారు.

"అంత జపం చేస్తావు కదా ఫణీ. అటువైపు వినే ఆయన మేలుకుని ఉన్నాడో, పడుకున్నాడో ఎప్పుడైనా చూశావా?"