పరిగెత్తిన ఎర్ర నల్లులు

దగ్గరికి జరుగు నాన్నా, దుప్పటి కప్పుకో. అనగనగా, వాన దారి మరిచిపోయిన ఒక ఊళ్ళో ఓబన్న అని ఒక ముసలాయన ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు ఊరి తోటలకు కావలి కాసినవాడు. పెద్దతనంలో సొంతంగా ఖర్జూరం పిలకలు నాటి, కడవలతో నీళ్ళు మోసి పెంచాడు. చెట్లు ఎదిగేసరికి ఆయనకు చూపు పోయింది, మంచం పట్టాడు. మిగిలింది ఒక్కటే కోరిక. తన చెట్టు పండు నోట్లో పెట్టుకుని కన్నుమూయాలని.

కోడలు సుంకమ్మ బంగారంలాంటి మనిషి. మగచెట్టు పుప్పొడి తెచ్చి, నిచ్చెనెక్కి, ఆడచెట్ల పూలకు తనే అద్దింది. అప్పుడు పచ్చటి కాయలతో గెలలు వేలాడాయి.

ఆ తర్వాత కాయల మీద బూజులాంటి గూడు కట్టి, దాని మీద దుమ్ము పట్టింది. సుంకమ్మ కళ్ళు చిట్లించి చూసింది. నల్లులు! మంచంలో నల్లి కాదురా, ఊరికే గోక్కోకు. ఇవి చెట్టు నల్లులు, ఒక్కోటి నలుసంత. తెల్లవి గూటికింద కూర్చున్నాయి. ఎర్రవి అటూ ఇటూ పరిగెడుతున్నాయి.

"మామా, రెండు రకాలుండాయి. తెల్లవి కూచోనుండాయి, ఎర్రవి ఉరుకుతాండాయి" అంది.

"కావలి కాసినోణ్ణి, నాకు తెలీదా అమ్మీ? ఉరికేటోడే దొంగ. వాణ్ణి పట్టు" అన్నాడు ఓబన్న.

అప్పుడు సుంకమ్మ బూడిద చల్లింది. ఎర్రవి కొన్ని రాలాయి. ఆ తర్వాత వేపకషాయం కొట్టింది. ఇంకొన్ని రాలాయి. ఆ తర్వాత పట్నం నుంచి మందు తెచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని కొట్టింది. ఒక్క ఎర్రదీ మిగల్లేదు. "దొంగలు పోయినారు మామా!" అని నవ్వింది, పిచ్చిది.

అయ్యో, దొంగలు కాదురా అవి! తెల్లవాటిని వేటాడి తినడానికే అవి పరిగెత్తేది. తెల్లవేమో మందు తగలకుండా గూటికింద దాక్కుని, కూర్చున్నచోటే కాయల రసం పీల్చేశాయి. తినేవాళ్ళు లేక పిల్లల మీద పిల్లల్ని పెట్టాయి. కాయలు గరుకెక్కి, పగిలి, ఎండి రాలిపోయాయి. సుంకమ్మ చెట్టుకింద కూలబడి ఏడ్చింది. అప్పటికి తెలిసింది దానికి, ఎర్రవి దొంగలు కావని. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఇక్కడ ఓబన్నకు ఊపిరి ఎగదన్నుతోంది. సుంకమ్మ సంతకు పోయి ఖర్జూర పండు కొనుక్కొచ్చింది. "మన చెట్టుదే మామా" అని నోట్లో పెట్టింది.

ఆయన మెల్లగా చప్పరించాడు.

"తియ్యగుంది. మనది గాదు. మన తోటలో పండుంటే చిలకలు అరిసేవి గదమ్మీ."

ముసలాయన ఆ పండును నాలుకతో బయటికి నెట్టేసి, గోడవైపు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరగలేదు.

అంతేరా. ఆ తర్వాత అందరూ సుఖంగా ఉన్నారని చెప్పమంటావా? ఎలా చెప్పను? నాకే ఏడుపొస్తోంది. పడుకో.

కాయలు రాలె మట్టికి,
కన్నీరు జారె కొంగుకి,
కథేమో పోయె కంచికి,
కన్ను మూద్దాం నిద్దరకి.