రెండు గుండెల కారు

ఒక కొండ ఊళ్లో, ఒక ఇంటి ముందు, రెండు గుండెల కారు ఉండేది. బానెట్ కింద నిప్పు గుండె. వెనక సీటు కింద మెరుపు గుండె.

నిప్పు గుండె పెట్రోలు తాగేది, ఎత్తు ఎక్కేటప్పుడు వీధంతా వినపడేలా అరిచేది. మెరుపు గుండె ఎవరినీ ఏమీ అడిగేది కాదు. కొండ దిగుతూ బ్రేకు వేసినప్పుడల్లా వృథాగా పోయే ఊపును ఏరి దాచుకునేది. ఆ దాచుకున్నదాంతోనే సందుల్లో, సంతలో, రైలు గేటు దగ్గర చప్పుడు లేకుండా బండిని నడిపించేది.

దసరాకి ఆయుధపూజ చేస్తే దండ బానెట్‌కి, బొట్టు బానెట్‌కి, నిమ్మకాయలు చక్రాలకి. వెనక సీటు కింద ఒకటుందని ఎవరికి గుర్తు? చప్పుడు చెయ్యకుండా పని చేసేవాటికి బొట్టు పెట్టే ఆచారం ఇంకా పుట్టలేదు.

ఆ కారు ఆ ఇంటి ఇల్లాలు నడిపేది. దాని మీదే నేర్చుకుంది. వారానికోసారి కొండ అవతలి గ్రంథాలయానికి వెళ్లి సంచీ నిండా పుస్తకాలు తెచ్చుకునేది. ఇంటాయన కూడా బజారుకీ పెళ్లిళ్లకీ అందులోనే వెళ్లేవాడు. కానీ పెళ్లాం నడుపుతుంటే పక్కన కూర్చోవడం ఆయనకు నామోషీ. వెనక సీట్లో వాలి, ఊరు దాటేదాకా కళ్లు మూసుకునేవాడు. చూసినవాళ్లు పాపం నిద్రపోతున్నాడనుకోవాలి. చెడ్డవాడేం కాదు. మగవాడు, అంతే.

ఒక ఎండాకాలం కారుకి ఆయాసం పట్టుకుంది. డాష్‌బోర్డులో ఎర్ర దీపం వెలిగింది. సగం కొండ మీద బండి ఆగిపోయింది.

"నువ్వు పడుకుంటే నేను ఒంటరిగా ఎంతని లాగను?" అంది నిప్పు గుండె.

"పడుకోలేదు. ఊపిరాడట్లేదు," అంది మెరుపు గుండె.

"నీకెందుకు ఊపిరి? నువ్వేమైనా మండుతున్నావా?"

"పొగ వస్తేనే మంటా?"

మెకానిక్ వచ్చి చూసి పెదవి విరిచాడు. "వెనక బ్యాటరీ ముసలిదైపోయింది సార్. దీనికి పెట్టేదానికి ఇంకాస్త కలిపితే కొత్త బండే వస్తుంది. నా మాట విని తుక్కుకిచ్చెయ్యండి."

"విన్నావా?" అన్నాడు ఇంటాయన భార్యతో. "బండికీ వయసైంది, నీకూ ఆ దగ్గు తగులుకుంది. పెద్ద బండి తీసుకుందాం. నీకు నడిపే బాధ తప్పుతుంది."

"నాకు బాధని మీతో ఎవరు చెప్పారండీ?"

"పెద్ద బండి నీ చేతికి లొంగదే."

"ఇన్నేళ్లు మిమ్మల్ని తోలుకొచ్చిన చెయ్యి ఇది. బండి లొంగదా?"

మెకానిక్ నవ్వు దాచుకోవడానికి కింద పడని స్పానర్ కోసం వంగి వెతికాడు.

ఆమె కూడా నవ్వింది. కానీ కొత్త బండి వస్తే తాళం ఎవరి జేబులో ఉంటుందో ఆమెకు తెలుసు. గ్రంథాలయం కొండ అవతలే ఉంటుంది. ఆమె కొండ ఇవతల ఉండిపోతుంది.

మర్నాడు తుక్కు కొనేవాడు వస్తానన్నాడు. అతను వచ్చేలోగా కారు ఖాళీ చేద్దామని ఆమె పొద్దున్నే వెనక తలుపు తీసింది. అన్నేళ్లలో ఆమె వెనక సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. గొడుగు తీసింది, మరిచిపోయిన పుస్తకం తీసింది. సీటు పక్కన ఇరుకులో కుక్కి ఉన్న బొంత పట్టుకుని లాగింది. తన పాత చీరలతో తనే కుట్టిన బొంత.

దాని వెనక అరచేయంత జాలీ. జాలీ నిండా బొంత నుంచి రాలిన నూలు, మట్టి, ఉండలు కట్టి. ఆమె గోటితో గీకి తీసింది. ఎగిరిన దుమ్ముకి దగ్గు తెర వచ్చింది. దగ్గి, దగ్గి, కళ్లు తుడుచుకుని, కేకేసింది.

"ఏమండీ, ఈ బొంత ఇక్కడ కుక్కిందెవరు?"

"నేనే. అక్కణ్ణుంచి గుయ్యిమని ఒకటే రొద, చెవి పక్కనే. నిద్ర పట్టేది కాదు."

"ఏ నిద్ర?"

ఆయన వచ్చి కారులోకి తొంగి చూశాడు.

"అది రొద కాదండీ, లోపల ఫ్యాను. బ్యాటరీ గాలి పీల్చుకునే చోటు ఇది."

"ఊపిరాడకపోతే చెప్పాలి కదా మరి!"

"చెప్పింది. మీరు బొంత కప్పారు."

తుక్కువాణ్ణి గుమ్మంలోంచే పంపించేసి మెకానిక్‌ని పిలిచారు. వాడు సీటు ఎత్తి, మూత విప్పి, తల గోక్కున్నాడు. లోపల వరసగా పేర్చిన సెల్లుల్లో నడిమివి ఉబ్బి నల్లబడ్డాయి.

"నేను ఇంత దూరం చూడలేదమ్మా," అన్నాడు. "చచ్చినవి చచ్చాయి, వాటి చోట వేరేవి వెయ్యాలి. మిగతావి బతుకుతాయి. కొత్తదానిలా ఉంటుందని మాత్రం అనను."

"కొత్తదానిలా ఉండమని ఎవరడిగారు?" అందామె.

"ఎన్నాళ్లు నడుస్తుంది?" అన్నాడు ఇంటాయన.

"గాలి తగలనిస్తే చాన్నాళ్లే సార్."

ఆయన నల్లబడ్డ సెల్లుల వంక చూశాడు, ఆమె చేతిలో బొంత వంక చూశాడు. "నీ ఇష్టం," అన్నాడు భార్యతో. ఆ మాట ఆయన నోటికి కొత్త.

"బాగుచెయ్యి," అందామె మెకానిక్‌తో.

కారు బాగైన రోజు ఆయన వెనక తలుపు మీద చెయ్యి వేసి, తీసేసి, ముందుకొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. బజారు మధ్యలో కూడా కళ్లు తెరిచే ఉన్నాడు.

"మళ్లీ గుయ్యిమంటున్నావే," అంది నిప్పు గుండె.

"బతికున్నానుగా," అంది మెరుపు గుండె. కొండ దిగుతూ ఏరుకోవడంలో పడింది.

ఇంటికొచ్చి ఆమె పొయ్యి వెలిగించింది. తాలింపు వేసింది. వంటింటి నిండా ఘాటు కమ్ముకుంది. దగ్గు అందుకుంది.

మంచినీళ్ల కోసం వచ్చిన ఆయన గుమ్మంలో ఆగిపోయాడు. గోడవార ఉన్న ఇనప బీరువా వంక చూశాడు. వసారాలో పేపరు చదువుకుంటుంటే ఆమె కూనిరాగం చెవిలో పడుతోందని దాన్ని అక్కడికి జరిపించింది ఆయనే.

"దీని వెనక కిటికీ ఉండాలి కదూ?" అన్నాడు.

"ఉంది," అందామె, వెనక్కి తిరక్కుండా.

ఆయన గ్లాసు కింద పెట్టి బీరువాకి భుజం ఆనించాడు. ఏళ్లుగా కదలని బీరువా ఇల్లంతా అదిరేలా కిర్రుమంది.

ఆ రొదకి ఆయన చెవులు మూసుకోలేదు.