తేనె పుస్తకాల పండితుడు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక ఎలుగుబంటి. పేరు భల్లయ్య. మిగతా కథల్లో ఎలుగుబంట్లు బలం చూపిస్తాయి. మన భల్లయ్య పుస్తకాలు చూపించేవాడు. నవ్వకండి పిల్లలూ. అల్మరా నిండా పుస్తకాలు పేర్చుకుని, చుట్టాలొస్తే సరిగ్గా దాని ముందే కుర్చీ వేసుకునే మనిషి మన ఇంట్లోనూ ఒకాయన ఉన్నాడు. ఆయనే ఇప్పుడు మీకు కథ చెబుతున్నాడు. కాబట్టి భల్లయ్య సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆ అడవి మధ్యలో ఎప్పుడో మనుషులు వదిలేసి పోయిన పాత బంగళా ఉండేది. అందులో గోడల పొడుగునా పుస్తకాలే. కొండమ్మ అనే ముసలి కొండముచ్చు వాటి దుమ్ము దులిపి, అడిగిన జంతువుకల్లా ఇచ్చేది. ఎవరైనా ఏ పుస్తకమైనా తీసుకెళ్ళొచ్చు. ఒకటే కట్టుబాటు. పుస్తకం తిరిగి తెచ్చినప్పుడు బంగళా గుమ్మం మీద కూర్చుని, అందులోంచి ఒక సంగతి అందరికీ చెప్పాలి. దాన్ని 'గుమ్మం మాట' అనేవాళ్ళు. గుమ్మం మాట చెప్పనిదే ఇంకో పుస్తకం చేతికి రాదు.

కుందేలు తడబడుతూ చెప్పేది. నక్క సగంలో మరిచిపోయి తోక పీక్కునేది. భల్లయ్య మాత్రం గడగడా చెప్పేసేవాడు. ఎలాగంటారా? అతను ఎప్పుడూ తేనె గురించిన పుస్తకాలే తీసుకునేవాడు. తేనెపట్టు ఎక్కడుంటుందో, ఏ పువ్వు తేనె ఏ రుచో అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. ఇక పుస్తకం విప్పాల్సిన పనేముంది?

ఒకసారి కొండమ్మ అంది. "భల్లయ్యా, ఈసారి ఇంకేదైనా తీసుకోరాదూ? వానల మీద ఉంది, రాళ్ళ మీద ఉంది."

'అమ్మో! గుమ్మం మీద మాట తడబడితే నా పరువేం కాను?' అనుకున్నాడు భల్లయ్య. పైకి మాత్రం గంభీరంగా, "ముందు తేనె శాస్త్రం పూర్తి కానీ పిన్నీ. చదువన్నాక లోతు ఉండాలి" అన్నాడు.

లోతు అనే మాట వినగానే అక్కడున్న జంతువులన్నీ తలలూపాయి. ఆ రోజునుంచి అతన్ని 'పండితుడుగారూ' అని పిలవడం మొదలుపెట్టాయి. భల్లయ్య వద్దనలేదు. నేనైనా అనేవాణ్ణి కాదులెండి.

ఒక ఏడాది ఎండాకాలం మొదట్లోనే వాగు ఎండిపోయింది. కాళ్ళలో సత్తువున్న జంతువులు కొండ దాటి పెద్ద ఏటికి పోయి నీళ్ళు తాగి వస్తున్నాయి. చుక్కమ్మ అనే దుప్పికి మాత్రం ఇంకా పాలు మానని చిన్న పిల్ల ఉంది. ఆ పిల్ల కొండ ఎక్కలేదు. తల్లికి పాలు తగ్గిపోయాయి. చుక్కమ్మ పిల్లను వెంటబెట్టుకుని భల్లయ్య గుహకు వచ్చింది.

"పండితుడుగారూ, పెద్ద ఏటి దాకా నా బిడ్డ నడవలేదు. దగ్గర్లో నీళ్ళెక్కడ దొరుకుతాయో చెప్పండి. ఇన్ని పుస్తకాలు చదివారు. మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అంది.

"నాకు తెలియదు." ఇంతే అనాలి. ఆ మాట భల్లయ్య నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పక్కనే నెమలి, ముళ్ళపంది నిలబడి చూస్తున్నాయి. భల్లయ్య గొంతు సవరించుకున్నాడు.

"పూలున్న చోట తేనెటీగలు ఉంటాయి. తేనెటీగలున్న చోట నీళ్ళుంటాయి. తూర్పు లోయలో మోదుగలు విరగబూశాయి. అక్కడికి వెళ్ళు" అన్నాడు.

నెమలి "ఆహా!" అంది. చుక్కమ్మ దణ్ణం పెట్టి వెళ్ళింది. నేల ఎంత ఎండినా మోదుగ పూస్తుందన్న సంగతి పాపం పండితుడుగారికి తట్టలేదు.

మధ్యాహ్నానికి చుక్కమ్మ తిరిగొచ్చింది. పిల్ల తూలుతూ నడుస్తోంది. దాని నాలుక పిడచగట్టుకుపోయింది.

"లోయలో నీళ్ళు కనబడలేదండీ" అంది చుక్కమ్మ. ఆమె కోప్పడలేదు. "నేనే సరిగ్గా వెతకలేదేమో. మీరు తప్పు చెప్పరు కదా. ఇంకోసారి చెప్పండి, ఈసారి జాగ్రత్తగా చూస్తాను."

తిట్టి ఉంటే భల్లయ్య కూడా తిరిగి తిట్టేవాడు. ఇంతగా నమ్మినదాన్ని ఎలా తిడతాడు? పిల్ల కాళ్ళు మడిచి గుహ ముందు పడిపోయింది. అది చూసి భల్లయ్యకు ఏడుపొచ్చింది.

"తప్పు నీది కాదు చుక్కమ్మా. నీళ్ళ గురించి నాకేమీ తెలియదు. నాకు తెలిసిందల్లా తేనె. అది కూడా చదివి కాదు, తిని తెలుసుకున్నాను. తెచ్చిన పుస్తకాల్లో సగం తలకింద పెట్టుకుని నిద్రపోయాను. మిగతా సగం తేనెపట్టు అందకపోతే ఎక్కి నిలబడ్డాను" అన్నాడు.

ముళ్ళపంది పక్కున నవ్వింది. చుక్కమ్మ నవ్వలేదు.

"అయితే ఇప్పుడైనా చదవండి. నాకు చదువు రాదు. నా బిడ్డ ఇంక ఎక్కువ సేపు తట్టుకోలేదు" అంది.

భల్లయ్య గుహలో మిగిలిన తునికిపళ్ళన్నీ పిల్ల ముందు పోశాడు. పడుతూ లేస్తూ బంగళాకు పరుగెత్తాడు.

"పిన్నీ, నీళ్ళెక్కడ దొరుకుతాయో చెప్పే పుస్తకం కావాలి!"

"మూడున్నాయి. ఏది కావాలో చూసుకో" అంది కొండమ్మ.

"నువ్వే తీసివ్వు పిన్నీ."

"నీకేది తెలియదో నాకెలా తెలుస్తుందిరా? అది నీకే తెలియాలి."

మొదటిది బాగా లావుగా ఉంది. అట్ట మీద బంగారు అక్షరాలు. చంకలో పెట్టుకుని అడవిలో నడిస్తే ఎంత దర్జాగా ఉంటుంది! పాత అలవాటు, చెయ్యి దానంతట అదే పోయింది. విప్పి చూస్తే ఒక్క ముక్క అర్థం కాలేదు. అక్కడే పెట్టేశాడు.

రెండోది నున్నగా, ముద్దుగా ఉంది. 'నీరు పల్లానికి పారుతుంది. నీరు తాగితే దాహం తీరుతుంది.' అన్నీ తెలిసినవే. గుమ్మం మీద కళ్ళు మూసుకుని చెప్పెయ్యొచ్చు. భల్లయ్యకు తన మీద తనకే సిగ్గేసింది. దాన్నీ పెట్టేశాడు.

మూడోదానికి అట్ట సగం చిరిగిపోయింది. మొదటి వాక్యం అర్థమైంది. రెండోది కాలేదు. మూడోది చదివితే రెండోది కొంచెం తెలిసింది. పేజీ తిప్పకుండా ఉండలేకపోయాడు. అక్కడే నేల మీద చతికిలబడి చదివాడు. అర్థం కాని చోటల్లా "ఇదేమిటి పిన్నీ?" అని అడిగాడు. తెలిసినవి కొండమ్మ చెప్పింది. తెలియని చోట "నాకూ తెలియదురా" అంది. ఆ మాట అంత తేలిగ్గా అనొచ్చని భల్లయ్యకు అప్పుడే తెలిసింది.

చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, నెత్తి కొట్టుకున్నాడు.

"పిన్నీ! ఎండల్లో కూడా పచ్చగా ఉన్న చెట్టు పక్కన చెదలపుట్ట ఉంటే, ఆ అడుగున తడి ఉండొచ్చట. నేను రోజూ చెదలపుట్టల్లో మూతి పెట్టి చెదలు తినేవాణ్ణే కదా! నేరేడు చెట్టు దగ్గరి పుట్టమట్టి మూతికి తడిగా అంటుకునేది. తుడుచుకుని వచ్చేసేవాణ్ణి. ఎందుకు తడిగా ఉందని ఒక్కసారైనా అడగలేదు. పండితుణ్ణి కదా, అడిగితే చిన్నతనం!"

పుస్తకం పట్టుకుని నేరేడు చెట్టు దగ్గరికి పరుగెత్తాడు. దారిలో చుక్కమ్మను, పిల్లను పిలిచాడు. పిల్లను తనే వీపు మీద మోశాడు. పుట్ట పక్కన గోళ్ళతో తవ్వాడు. రాళ్ళు వచ్చాయి.

"పండితుడుగారు మళ్ళీ దెబ్బతిన్నారు" అంది, చూడ్డానికి చుట్టూ చేరిన జంతువుల్లోంచి నెమలి.

"అవును, తిన్నాను" అన్నాడు భల్లయ్య. మళ్ళీ పుస్తకం విప్పి చదివాడు. పల్లపు వైపు తవ్వాలని ఉంది. అటువైపు తవ్వాడు. గోళ్ళు విరిగాయి. మట్టి చల్లబడింది. తర్వాత తడిసింది. కాసేపటికి గుంటలో బురదనీళ్ళు ఊరాయి. నీళ్ళు తేరుకునేదాకా ఆగి, చుక్కమ్మ పిల్లను గుంట దగ్గరికి నెట్టింది. పిల్ల మూతి ముంచి తాగింది. తాగి, చెవులు ఆడించి, తనంతట తానే లేచి నిలబడింది. చుక్కమ్మ కళ్ళవెంట నీళ్ళు కారాయి.

"పండితుడుగారికి జై!" అని జంతువులన్నీ అరిచాయి.

"ఆ పేరు ఇక వద్దర్రా. దాన్ని నిలబెట్టుకోవడానికే పసిదాని ప్రాణం మీదికి తెచ్చాను. భల్లయ్యా అంటే చాలు, పలుకుతాను" అన్నాడు.

మర్నాడు భల్లయ్య బంగళాకు వెళ్ళేసరికి చుక్కమ్మ అప్పటికే అక్కడుంది. కొండమ్మ ఎదుట నిలబడి అడుగుతోంది.

"నాకు అక్షరాలు నేర్పమ్మా. ఎవరో చెప్పారని నా బిడ్డను ఇంకోసారి ఎండు లోయకు తీసుకుపోలేను."

భల్లయ్య తల దించుకున్నాడు. పక్కకు జరిగి, చుక్కమ్మకు చోటిచ్చాడు.

నీతి: తెలిసిందే చెప్పే పుస్తకం పొగడ్త తెస్తుంది, తెలియంది చెప్పే పుస్తకం బుద్ధి తెస్తుంది, ఎంత వయసొచ్చినా 'నాకిది తెలియదు' అని ఒప్పుకున్న చోటినుంచే చదవాల్సిన పుస్తకాన్ని వెతుక్కోవాలి.