దొంక కాసిన కోనయ్య

విన్నవారికీ చల్లన, చెప్పిన నోటికీ చల్లన. కొండమీది తల్లికి ఒక దండం పెట్టుకుని కూర్చోండి నాయనా. ముసలివాళ్ళు ముందుకు, పిల్లలు ఇంకా ముందుకు.

కొండల్లో పులులు తిరిగే రోజుల్లో, ఒక గెడ్డకి ఈ ఒడ్డున ఊటవలస, ఆ ఒడ్డున మెట్టవలస ఉండేవి. గెడ్డ చిన్నది. పొలాలు ఎక్కువ. ముందు నీళ్ళు ఎవరివన్నది ఏటా తగువే. కర్రలు లేచేవి, తలలు పగిలేవి. చివరికి పెద్దలు తల్లి ముందు ఒక మాట అనుకున్నారు: ఆ కర్రతో బిళ్ళ కొట్టుకుందాం, బిళ్ళంగోడులో గెలిచిన ఊరికి ముందు నీళ్ళు.

ఒక ఊరివాడు కొడతాడు, మూడు దెబ్బలు. రెండో ఊరివాళ్ళు ముగ్గురు కాస్తారు. మూడింట్లో ఒక్క బిళ్ళనైనా నేల తాకకుండా పట్టారా, నీళ్ళు వాళ్ళవి. లేదా, పోయినట్టే. కొట్టే వంతు ఏడు మార్చి ఏడు.

ఊటవలసలో కాసే చోట్లు మూడు, కాసే ఇళ్ళు మూడు. బిళ్ళ లేపే గుంట దగ్గరి చోటు ఊరిపెద్ద నాయుడి ఇంటిది. నడిమి చోటు సవరయ్య ఇంటిది. ముళ్ళదొంక పక్క చోటు కోనయ్యది. తాత నిలిచిన చోటే తండ్రి, తండ్రి నిలిచిన చోటే కొడుకు. దొంక దగ్గర అరికాళ్ళలో ముళ్ళు, కళ్ళల్లో పొద్దు. ఆ చోటు ఇంకెవరూ అడగలేదు. పరాయి గేదెలు కాసుకు బతికే కోనయ్యకి ఊళ్ళో ఉన్న మర్యాద ఆ చోటొక్కటే.

ఒక ఏడు మొదటి దెబ్బ దాటిపోయింది. రెండో దెబ్బ దాటిపోయింది. మూడో దెబ్బకి బిళ్ళ పొద్దులోకి లేచి, నడిమి చోటుకీ దొంకకీ మధ్యన దిగింది.

"నీదే మావా," అన్నాడు సవరయ్య.

"నీదే అల్లుడూ," అన్నాడు కోనయ్య.

ఒకరి చోట ఇంకొకరు కాలు పెట్టడం తప్పు కదా. ఇద్దరూ మర్యాదగా నిలబడ్డారు. బిళ్ళ ఇద్దరి మధ్యా దుమ్ములో పడింది.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. ఊటవలస నీళ్ళ వంతు వచ్చేసరికి గెడ్డలో ఇసుకే మిగిలింది. ఆకుమళ్ళు ఎండాయి. గంజికి గింజ లేదు. ఊళ్ళో ఒక చంటిపిల్ల పోయింది. అది కోనయ్య బిడ్డే. వాడికి మరో బిడ్డ లేదు.

కోనయ్య నాయుడి అరుగు దగ్గరికి వెళ్ళాడు. "బాబూ, మళ్ళీ వంతుకి కాయబోయే కుర్రాళ్ళకి మూడు చోట్లూ నేర్పుదాం."

నాయుడు నవ్వాడు. "నీ దొంక నువ్వు చూసుకో."

రెండోసారి వెళ్ళాడు. నాయుడు నవ్వలేదు. "ఒరే కోనా, పొద్దుకెదురుగా బిళ్ళని చూడటం మీ ఇంటి విద్య. మూడు తరాల విద్య. మావాడికి రెండేళ్ళలో వస్తుందా?"

"నాకొచ్చినంత రాదు బాబూ. కానీ ఆ చోటు ఎంత దూరమో వాడి కాలికి తెలుస్తుంది. నా కాలికి ఆ రోజు తెలీలేదు."

నాయుడు తల అడ్డంగా ఊపాడు.

మూడోసారి వెళ్ళాడు. బిడ్డ కాలి మువ్వ అరుగు మీద పెట్టి నిలబడ్డాడు.

నాయుడు ఆ మువ్వని చేతిలోకి తీసుకున్నాడు. "మా మనవణ్ణి తీసుకుపో," అన్నాడు.

నాయుడి మనవడు గౌరీసు, సవరయ్య కొడుకు సన్నాసి, కోనయ్య మేనల్లుడు చినపోలి. ముగ్గురినీ కోనయ్య గేదెల వెంట, బరి ఉన్న బీడుకి తీసుకుపోయేవాడు. కాసేపు ఆడనిచ్చి, "తిరగండర్రా" అనేవాడు. ముగ్గురూ ఒక చోటు జరిగేవారు. మళ్ళీ "తిరగండర్రా". మళ్ళీ జరిగేవారు. ఊరు ఊరుకుంటుందా? "ఏరా, ఇవాళ ఎవరింటి కొడుకువి?" అని ఎగతాళి చేసేది.

ఒకనాడు దొంక పక్క చోట గౌరీసు కాలిలో ముల్లు తీసుకుంటూ అన్నాడు. "తాతా, మా ఇంట్లో ఎవరూ ఈ ముళ్ళు తొక్కలేదు."

"అందుకే బాబూ, ఇక్కడ పొద్దెలా కొడుతుందో మీ ఇంట్లో ఎవరికీ తెలీలేదు. ఎడమచెయ్యి పొద్దుకి అడ్డం పెట్టు. చేతి కిందనుంచి చూడు. అదిగో, అలా."

రెండేళ్ళు గడిచాయి. కాసే వంతు మళ్ళీ ఊటవలసకి వచ్చింది. ఆటకి మూడు రోజులుందనగా జ్వరంతో కోనయ్య కన్నుమూశాడు.

తలకొరివి పెట్టింది చినపోలే. మైలలో ఉన్నవాడు తల్లి ముందు బరిలోకి దిగకూడదు, తల్లికి చెప్పిన పేరు మార్చకూడదు. మూడు చోట్లు, ఇద్దరే కుర్రాళ్ళు. మెట్టవలసవాళ్ళు నవ్వుకున్నారు. ఊటవలస ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ఒడ్డున నిలబడ్డారు.

మొదటి దెబ్బ దాటిపోయింది. రెండో దెబ్బ దాటిపోయింది. మూడో దెబ్బకి బిళ్ళ పొద్దులోకి లేచింది. ఏ చోటా కాని చోట దిగుతోంది.

"నాదే," అన్నాడు గౌరీసు.

"నాదే," అన్నాడు సన్నాసి.

ఇద్దరూ పరిగెత్తారు. ఎడమచేతి కిందనుంచి చూసి గౌరీసు అందుకోబోయాడు. బిళ్ళ వేళ్ళకి తగిలి జారింది. వెనకే వస్తున్న సన్నాసి ముళ్ళలోకి దూకి, నేలకి జానెడు ఎత్తున దాన్ని పట్టుకున్నాడు.

గట్టు తెంచారు. నీళ్ళు వచ్చాయి. మొదటి బిందె నాయుడు తన నెత్తినే మోశాడు. ఇంటికి తీసుకెళ్ళలేదు. దొంక మొదట్లో, కోనయ్య నిలిచినచోట పోసి, మువ్వని ఆ తడిమట్టిలో పెట్టాడు.

అది మొదలు ఆ దేశంలో పిల్లలు బిళ్ళంగోడు ఆడేముందు దొంక పక్కన దోసెడు నీళ్ళు పోస్తారు. ప్రతి వంతుకీ ఎవరో ఒకరు "తిరగండర్రా" అంటారు, అందరూ ఒక చోటు జరుగుతారు. నాయుళ్ళ పిల్లాడైనా సరే, ముళ్ళ పక్కన నిలబడాల్సిందే.

ఇంకొక్క మాట, నాయనా. బిళ్ళ పైకి లేచినప్పుడు ఆ ఊళ్ళో ఈరోజుకీ ఎవరూ "నీదే" అనరు.