పుక్కిట పట్టిన మందు

రావులమెట్టలో సన్నాయి గవరయ్య ఇంటివాళ్ళకు తమ తెలివి మీద అపారమైన నమ్మకం. చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలివి అని వాళ్ళ సిద్ధాంతం. లోకంలో అనర్థాలన్నీ చెప్పనిది చేసేవాళ్ళ వల్లే జరుగుతున్నాయని గవరయ్య అరుగు మీద కూర్చుని నిదానంగా వివరించేవాడు. డోలు వాయించే తమ్ముడు ముసలయ్య తల ఊపేవాడు. గవరయ్య భార్య నూకరత్నం మాత్రం, ఊపమని తనకెవరూ చెప్పలేదు కనుక, ఊపేది కాదు.

ఆ వేసవిలో గవరయ్యకు నోరు పూసింది. నాలుక కింద రెండు పుళ్ళు, పెదవి లోపల ఒకటి. సన్నాయి మొన తగిలితే చాలు, కళ్ళ నీళ్ళు తిరిగేవి. దానికి తోడు నోటి వాసన. భర్తతో మాట్లాడాలంటే నూకరత్నం వీధిలోకి వెళ్ళి కిటికీలోంచి మాట్లాడేది. ముసలయ్య గాలి ఎటు వీస్తోందో చూసుకుని మరీ డోలు దించేవాడు. నాలుగు రోజులు ఊరుకుందామంటే వీల్లేదు. గురువారం కల్యాణమండపంలో పెళ్ళి. మేనేజరు సత్తిరాజుగారు ముందే చెప్పేశారు. ఈ పెళ్ళిలో మేళం బాగుంటే ఈ ఏడాది ముహూర్తాలన్నీ వాళ్ళవే. లేకపోతే పక్క ఊరి మేళానివి.

అందుకని గవరయ్య బుధవారం డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు ఆకుపచ్చటి మందు సీసా ఇచ్చి, పొద్దున మూతెడు, సాయంత్రం మూతెడు నోట్లో పోసుకుని బాగా పుక్కిలించమన్నాడు. మింగకూడదన్నాడు. ఆ తరువాత అరగంట దాకా నోట్లో ఏదీ పెట్టకూడదన్నాడు. ఉమ్మెయ్యమని మాత్రం అనలేదు. ఆ మాట చెప్పించుకోవలసిన మనిషి ఈ భూమి మీద ఉంటాడని ఆయనకు తట్టలేదు.

గురువారం ఏడింటికి గవరయ్య మూతెడు మందు నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించాడు. అంతే, ఆగిపోయాడు. మింగడానికి లేదు. మరి ఏం చెయ్యాలి? బుగ్గలు పొంగించుకుని భార్య వంక చూశాడు.

"ఉమ్మెయ్యవయ్యా," అంది నూకరత్నం.

"డాక్టరుగారు అన్నారా వదినా?" అన్నాడు ముసలయ్య.

నిజమే, డాక్టరుగారు ఆ మాట అనలేదు. ఇంకేముంది, ముగ్గురూ కూర్చుని సీసా చుట్టూ రాసి ఉన్నదంతా చదివారు. ఎండ తగలని చోట ఉంచమని ఉంది. గవరయ్యను నీడలోకి జరిపారు.

డాక్టరును అడిగి రమ్మని ముసలయ్యను పంపారు. కాంపౌండరు రోగి పేరు అడిగితే ముసలయ్య తన అన్న పేరు గవరయ్య అని రాయించి బల్ల మీద కూర్చున్నాడు. కొంతసేపటికి కాంపౌండరు గవరయ్యా అని పిలిచాడు. ముసలయ్య కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. ముసలయ్య కూడా అటూ ఇటూ చూశాడు. మూడోసారి పిలిచేసరికి పక్కనున్న ముసలావిడతో, "అతను ఇంట్లో ఉన్నాడండీ, ఎన్నిసార్లు పిలిచినా వినపడదు," అన్నాడు జాలిగా. అందరూ వెళ్ళిపోయాక, తలుపు వేస్తుండగా, సంగతి బయటపడింది. డాక్టరు రెండు చేతులతో తల పట్టుకుని, వెంటనే వాష్‌బేసిన్‌లో ఉమ్మెయ్యమను అన్నాడు.

వాళ్ళింట్లో వాష్‌బేసిన్ లేదు. దొడ్డి ఉంది, కాలవ ఉంది, వీధి ఉంది. డాక్టరు వాటి పేరెత్తలేదు. మండపంలో అయితే ఆరు బేసిన్లు ఉన్నాయి. ఎలాగూ వెళ్ళవలసిందే కదా అని అన్నదమ్ములు సన్నాయి, డోలు పట్టుకుని బయలుదేరారు. అప్పటికి పది దాటింది.

మొదటి బేసిన్ మీద బోర్డు ఉంది: ఇక్కడ ఉమ్మరాదు. రెండో దాని మీదా అదే. గవరయ్య ఆరూ చదివాడు. ఈలోగా మారిందేమోనని వెనక్కి వచ్చి మొదటిది మళ్ళీ చదివాడు. మారలేదు. ఎదురొచ్చిన సత్తిరాజుగారు అంతా సిద్ధమేనా అని అడిగితే గవరయ్య చేతులు జోడించాడు. ముహూర్తం దాకా మౌనం పట్టాడు కాబోలు, ఎంత నిష్ఠ అని ఆయన మురిసిపోయాడు.

పదకొండుం పావుకు పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అన్నాడు. ముసలయ్య డోలు అందుకున్నాడు. పెళ్ళికొడుకు ఒక ముడి వేశాడు. సత్తిరాజుగారి చూపు గవరయ్య మీద పడింది. గవరయ్య శాంతంగా ఆలోచించాడు. మింగకూడదు. ఇక్కడ ఉమ్మకూడదు. ఊదకూడదని ఎవరూ అనలేదు.

ఊదాడు. అంతే, సన్నాయి ఏడు రంధ్రాల్లోంచి ఏడు ఆకుపచ్చ ధారలు లేచాయి. ఒకటి పురోహితుడి బొజ్జ మీద పడింది, ఒకటి పెళ్ళికొడుకు చెవిలోకి పోయింది. బావిలో పడ్డ దూడ అరిచినట్టు ఒక ధ్వని వచ్చి ఆగిపోయింది. రెండో ముడి వేశాక పెళ్ళికొడుకు చేతులు నిలిచిపోయాయి. మండపమంతా పుదీనా వాసన.

"వాయించవయ్యా, ఇంకో ముడి ఉంది," అంది పెళ్ళికూతురి తల్లి.

నోరు ఖాళీ అయింది కనుక గవరయ్య ధైర్యంగా సన్నాయి ఎత్తాడు. ముసలయ్య డోలు ఆపి అన్న చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నయ్యా, అరగంట."

నాలుగు గంటలుగా మూసుకున్న నోరు గవరయ్య అప్పుడు విప్పాడు. "నేను పుక్కిలించింది పొద్దున్న. ఇప్పుడు పుక్కిలించింది సన్నాయి. అరగంట దానికి రా," అన్నాడు.

న్యాయమే కదా. ఇద్దరూ సన్నాయిని కండువా మీద మెల్లగా పడుకోబెట్టి, దాని నోటికి ఏదీ తగలకుండా చెరో పక్కా కాపలా కూర్చున్నారు. ఇదంతా చూస్తున్న పెళ్ళికూతురు ఫక్కున నవ్వింది. ఆమెను చూసి పెళ్ళికొడుకు, ఆయన్ను చూసి పురోహితుడు. మండపమంతా విరగబడి నవ్వుతుంటే, ఆ హోరులోనే మూడో ముడి పడింది.

సత్తిరాజుగారు ఒక్కరే నవ్వలేదు. "మళ్ళీ ఈ గడప తొక్కారంటే చూడండి," అన్నాడు.

"మేమెప్పుడూ తొక్కలేదండీ, దాటే వస్తాం," అన్నాడు గవరయ్య. అన్నట్టే మరుసటి పెళ్ళికి ఇద్దరూ గడప జాగ్రత్తగా దాటి లోపలికి వెళ్ళారు. అక్కడ పక్క ఊరి మేళం కూర్చుని ఉంది.

గవరయ్య పెద్దగా బాధపడలేదు. అసలు సన్నాయి వైద్యంలో ఉంటే ముహూర్తాలు ఎలా ఒప్పుకుంటాం అన్నాడు. ఒకసారి మొదలుపెట్టిన మందు మధ్యలో ఆపకూడదని, పొద్దున మూతెడు, సాయంత్రం మూతెడు దానికే పట్టించారు. వారానికి సీసా ఖాళీ అయింది. గవరయ్య నోట్లో మూడు పుళ్ళు అయిదయ్యాయి.

అన్నదమ్ములు మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. కిందటిసారి పేరు దగ్గర తికమక పడ్డాం కదా అని, ఈసారి మందు వాడిందెవరో ఆ పేరే రాయించారు. సన్నాయిని రోగుల బల్ల మీద పడుకోబెట్టి చెరో పక్కన కూర్చున్నారు. కాంపౌండరు చీటీ చూసి, కళ్ళు నులుముకుని, సన్నాయీ అని మూడుసార్లు పిలిచాడు.

ఇద్దరూ కదల్లేదు. పిలిచింది వాళ్ళను కాదు కదా. అది లేస్తుందేమోనని ఓపిగ్గా చూస్తూ కూర్చున్నారు.