కొండముచ్చు వేలు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున, చెట్లు పలచబడి గడ్డి మొదలయ్యే చోట, ఒక గొర్రెల మంద ఉండేది. కాపరి ఎవరని అడగకండి. ఈ కథలో కాపరి లేడు. ఆ గొర్రెలు తమను తామే చూసుకునేవి.

వాటికి గొప్ప తెలివితేటలేమీ లేవు. ఒక్క పని మాత్రం బాగా వచ్చు. తోడేలు కనబడగానే మందలో అన్నిటికంటే ముసలిదైన పెద్దగొర్రె ఒక్క అరుపు అరిచేది. వెంటనే గొర్రెలన్నీ ఒకచోట చేరి, తలలు బయటికి పెట్టి గుండ్రంగా నిలబడేవి. పిల్లలు మధ్యలోకి దూరేవి. అలా నిలబడ్డ మంద జోలికి తోడేలు వచ్చేది కాదు. విడిగా దొరికినదాన్నే పట్టుకుపోయేది.

అందుకని ఆ మందలో పిల్లలకు గడ్డి మేయడం కంటే ముందు మధ్యలోకి పరుగెత్తడం నేర్పేవి. రోజూ సాయంత్రం పెద్దగొర్రె ఉత్తుత్తినే అరిచేది. పిల్లలన్నీ పడుతూ లేస్తూ వచ్చి తల్లుల కాళ్ల సందున దూరేవి. వాటికి అదొక ఆట. పెద్దగొర్రెకు మాత్రం ఆట కాదు.

ఆ పక్కనే ఒక ఇప్పచెట్టు. దాని మీద నల్లమూతి అనే కొండముచ్చు ఉండేది. సొంత గుంపుతో పొసగక విడిగా వచ్చేసింది. దానికి పిల్లల్లేరు. మనసు మంచిదే. కాకపోతే ఎవరైనా మెచ్చుకుంటే ఇట్టే పొంగిపోయేది. అలాంటివాళ్లు మన వీధిలోనూ ఉన్నారు. పేర్లు చెప్పను.

ఒక వానాకాలం పొద్దున ఒక గొర్రె ఈని, ఈనగానే చచ్చిపోయింది. పిల్ల మాత్రం బతికింది. నుదుటి మీద తెల్లటి కుచ్చు ఉన్న ఆడపిల్ల. లేస్తోంది, పడుతోంది, మళ్లీ లేస్తోంది. నల్లమూతి చెట్టు మీది నుంచి చూసి, ఉండబట్టలేక దిగి వచ్చింది.

"పెద్దమ్మా, దీని సంగతేమిటి?" అని అడిగింది.

"పాలు దొరికితే బతుకుతుంది. దొరక్కపోతే సాయంత్రానికి పోతుంది" అంది పెద్దగొర్రె. దానికి జాలి లేక కాదు. అలాంటివి చాలా చూసింది, అంతే.

నల్లమూతి పిల్లను ఎత్తుకుని ఒక తల్లిగొర్రె దగ్గరికి తీసుకెళ్లింది. అది వాసన చూసి, "నా పిల్ల కాదు" అని తలతో తోసేసింది. ఇంకో గొర్రె దగ్గరికి తీసుకెళ్లింది. అదీ వాసన చూసి, "నా పిల్ల కాదు" అని కాలితో తన్నింది. మూడో గొర్రె అప్పుడే ఈనింది, తన పిల్లను నాకుతోంది. అదైతే వాసన కూడా చూడలేదు. పళ్లు కొరికింది.

"ఏం గొర్రెలమ్మా మీరు!" అని నల్లమూతి కోప్పడింది.

"గొర్రెలు అంతే" అంది పెద్దగొర్రె. "వాటికి వాసనే చుట్టరికం. కానీ నీకు చేతులున్నాయి కదా. ఇప్పుడే ఈనిన ఆ గొర్రె పొదుగులో ముర్రుపాలున్నాయి. మొదట అవే పడాలి, అప్పుడే పిల్లకు సత్తువ వస్తుంది. అది తన పిల్లను నాకుతున్నంతసేపూ వెనక ఎవరు పిండుతున్నారో పట్టించుకోదు. వెళ్లు."

నల్లమూతి ఎండిన సొరకాయ బుర్ర ఒకటి వెతికి తెచ్చింది. చిక్కటి పసుపుపచ్చని పాలు కొంచెం పిండుకుంది. తర్వాత పిల్లను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని నోట్లో పోసింది. పాలు ముక్కులోకి పోయాయి. పిల్ల ఉక్కిరిబిక్కిరి అయింది. కళ్లు తేలేసింది.

"దాన్ని చంపుతావా ఏమిటి?" అని పెద్దగొర్రె అరిచింది. "అది కోతిపిల్ల కాదు, పడుకోబెట్టి పట్టడానికి. నిలబెట్టు. మెడ పైకెత్తు. దానంతట అది చప్పరించాలి."

నల్లమూతి పిల్లను నిలబెట్టింది. పాలలో వేలు ముంచి నోటికి అందించింది. పిల్ల వేలిని నాకింది. తర్వాత గట్టిగా పట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది. చిన్న తోక టపటపా ఊగింది. నల్లమూతికి ఒళ్లంతా పులకరించింది. ఆ క్షణాన అది ఇంకెవరి మాటా వినే స్థితిలో లేదు.

దానికి కుచ్చి అని పేరు పెట్టింది.

ముర్రుపాలు అయిపోయాక మామూలు పాలు కావాలి కదా. మందతో పాటు ఒక బోడిమేక తిరిగేది. దాని పిల్లలు పెద్దవైపోయాయి, పొదుగులో పాలు మాత్రం ఇంకా ఉన్నాయి. "నాకు రోజూ తుమ్మకాయలు కోసి పడేస్తే పాలిస్తానక్కా" అంది మేక. బేరం కుదిరింది. నల్లమూతి తుమ్మచెట్టెక్కి కాయలు దులిపేది, మేక పాలు పిండేది, వేడి ఆరకుండానే ఇప్పచెట్టు కిందికి తెచ్చి పిలిచేది.

"కుచ్చీ, దా దా దా!"

కుచ్చి ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి వేలు అందుకునేది. దారిన పోయే పక్షులు ఆగి చూసేవి. "కన్నతల్లైనా ఇలా చూడదు!" అనేవి. నల్లమూతి మొహం వెలిగిపోయేది. ఆ మాట కోసం రోజుకు ఇంకో రెండుసార్లు ఎక్కువే పిలిచేది.

కుచ్చి బొద్దుగా పెరిగింది. పళ్లొచ్చాయి. ఒకరోజు పెద్దగొర్రె ఇప్పచెట్టు దగ్గరికి వచ్చింది.

"నల్లమూతీ, పిల్లను నిలబెట్టావు, మంచి పని చేశావు. ఇకనుంచి పాలు మంద మధ్యకు వచ్చి పట్టు. దానికి మా వాసన, మా తొక్కిడి అలవాటు కావాలి."

"మీ తొక్కిడిలో నా తోక ఏమైపోవాలి పెద్దమ్మా?" అంది నల్లమూతి. రాలేదు.

కొన్నాళ్లాగి పెద్దగొర్రె మళ్లీ వచ్చింది. "గడ్డి కొరుకుతోంది. పాలు తగ్గించు. కాస్త ఆకలేస్తే మాతో మేతకు వస్తుంది."

"ఆకలేస్తే అరుస్తుంది పెద్దమ్మా. ఆ అరుపు నేను వినలేను" అంది నల్లమూతి. తగ్గించలేదు.

మూడోసారి వచ్చినప్పుడు పెద్దగొర్రె గొంతు మారింది. "సరే, నీ ఇష్టం. ఒక్కటి మాత్రం చెయ్యి. సాయంత్రం నేను అరిచినప్పుడు పిల్లలన్నీ మధ్యలోకి వస్తాయి. నీ కుచ్చి మాత్రం నీ చెట్టు కిందికి పోతోంది. ఆ కాసేపు నువ్వు పిలవకు. పైకెక్కి మొహం చాటెయ్యి. తోడేలు వచ్చిన రోజు నీ చెట్టు దాన్ని కాపాడదు."

ఈ మాటకు నల్లమూతి భయపడింది. "అలాగే పెద్దమ్మా" అంది. నిజంగానే అలా చేద్దామనుకుంది.

ఆ సాయంత్రం పెద్దగొర్రె అరిచింది. పిల్లలన్నీ మధ్యలోకి పరుగెత్తాయి. కుచ్చి చెట్టు కిందికి వచ్చి చూసింది. నల్లమూతి ఆకుల చాటున కదలకుండా కూర్చుంది. కుచ్చి అటూ ఇటూ చూసింది. మెల్లగా మందవైపు తిరిగి నడవడం మొదలుపెట్టింది.

చూశారా, పని దాదాపు అయిపోయింది. నల్లమూతి ఇంకొంచెం సేపు నోరు మూసుకుంటే చాలు.

కానీ కుచ్చి అలా వెనక్కి చూడకుండా పోతుంటే నల్లమూతి కొమ్మ మీద ముందుకు వంగింది. నేను లేకపోయినా దీనికి గడిచిపోతుందన్నమాట, అనుకుంది. నోరు ఊరుకోలేదు.

"కుచ్చీ, దా దా దా!"

కుచ్చి గిరుక్కున తిరిగి పరుగెత్తుకొచ్చింది. నల్లమూతి గబగబా దిగి వేలందించింది. ఆ వేలికి పాలు కూడా లేవు. పెద్దగొర్రె దూరం నుంచి చూసింది. తల తిప్పుకుంది.

తోడేలు ఎండ బాగా కాస్తున్న ఒక మధ్యాహ్నం వచ్చింది.

పెద్దగొర్రె అరిచింది. అది ఉత్తుత్తి అరుపు కాదు. మంద ఒక్కసారిగా దగ్గరికి చేరింది, తలలు బయటికి పెట్టింది. పిల్లలు మధ్యలోకి దూకాయి. కుచ్చి భయపడి, భయమేస్తే తనకు తెలిసిన ఒకే చోటికి పరుగెత్తింది. ఇప్పచెట్టు కిందికి వచ్చి నిలబడి, మెడ పైకెత్తి నోరు తెరిచింది.

తోడేలు మందను చూసింది. చెట్టు కింద ఒంటరిగా ఉన్న పిల్లను చూసింది. తొందరేమీ లేనట్టు అటు నడిచింది.

"కుచ్చీ! ఇక్కడికి కాదు! మందలోకి పో!" అని నల్లమూతి కొమ్మ మీది నుంచి అరిచింది.

కుచ్చికి అర్థమైంది ఒక్కటే. అమ్మ పిలుస్తోంది. చెట్టు మొదలుకు ఇంకా దగ్గరగా జరిగింది. నల్లమూతి మళ్లీ అరిచింది. అది మళ్లీ జరిగింది.

నల్లమూతి కిందికి దూకి, పిల్లను చంకన పెట్టుకుని ఎక్కుదామని ఎత్తబోయింది. తెగ పాలు తాగించి పెంచిన పిల్ల. ఎత్తితే భూమి వదల్లేదు. తోడేలు నడక ఆపి పరుగు మొదలుపెట్టింది.

కుచ్చి ఇవేమీ చూడలేదు. దాని కళ్లు వేలి మీదే ఉన్నాయి. ఎప్పటిలాగే నోట్లో పెట్టుకుని చప్పరించసాగింది.

నల్లమూతి వేలు లాగేసుకుంది. అదే చేత్తో దాని ముక్కు మీద ఫెడీమని కొట్టింది. పళ్లు బయటపెట్టి, మీదికి దూకి, చెవి కొరికింది. "ఫో!" అని అరిచింది. దాని గొంతు అలా ఉంటుందని కుచ్చికి అంతవరకూ తెలియదు. ఒక్క కేక పెట్టి, వెనక్కి తిరిగి, పడుతూ లేస్తూ మందవైపు పరుగెత్తింది. పెద్దగొర్రె పక్కకు జరిగి దారి ఇచ్చింది. కుచ్చి మధ్యలోకి దూరిపోయింది. ఈసారి దాని వాసన ఎవరూ చూడలేదు.

తోడేలు నల్లమూతి మీదికి లంఘించింది. నల్లమూతి చెట్టెక్కేసింది కానీ, తోక చివర కుచ్చు తోడేలు నోట్లోనే ఉండిపోయింది. తోడేలు వెంట్రుకలు ఉమ్మేసి, మంద చుట్టూ ఒకసారి తిరిగి, లాభం లేదని అడవిలోకి వెళ్లిపోయింది.

మంద విడిపోయి మేతలో పడింది. కుచ్చి పెద్దగొర్రె వెనకే నిలబడి, చెట్టు మీది నల్లమూతిని చూసింది. భయంగా చూసింది. ఒక్క పిలుపు పిలిస్తే రావచ్చునేమో. నల్లమూతి నోరు తెరిచింది. తెరిచిన నోరు మూసుకుని, పై కొమ్మకు వెళ్లి, వీపు తిప్పి కూర్చుంది. దానికి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా.

మళ్లీ వానాకాలం వచ్చింది. మళ్లీ ఒక పిల్లకు తల్లి పోయింది. అలా ఏటా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. నల్లమూతి అడక్కుండానే సొరకాయ బుర్ర పట్టుకుని దిగింది. ఈసారి చెట్టు కింద కూర్చోలేదు. మంద నడిమధ్య, గొర్రెల కాళ్ల సందున ఇరుక్కుని, తోక తొక్కించుకుంటూ పాలు పట్టింది. పేరు పెట్టలేదు. పిలవలేదు. బుర్ర ఖాళీ అవగానే లేచి వచ్చేసింది. పక్షులు చూసి, "ముందున్నంత ప్రేమ లేదు దీనికి" అనుకున్నాయి. పెద్దగొర్రె మాత్రం, "ఇప్పుడు వచ్చింది నీకు పని" అంది.

తిరిగి వస్తుంటే దారిలో కుచ్చి మేస్తూ కనబడింది. బాగా ఎదిగింది. తల ఎత్తి, నల్లమూతి వేలిని ఒకసారి వాసన చూసింది. తుమ్మింది. మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది.

నల్లమూతి నవ్వుకుంటూ చెట్టెక్కింది.

నీతి: ఆకలి తీర్చడానికి చేయి అందించినవారు, ఆ చేయి వెనక్కి తీసుకోవలసిన వేళను కూడా తెలుసుకోవాలి.