మూడు పుడిసిళ్ల నీళ్లు

ఒకానొక రాజ్యంలో, పేరెందుకులెండి, వీరకేసరి అనే రాజుండేవాడు. ఆయనగారికి నీలిరంగు బట్టలంటే పిచ్చి. కోట పక్కనే అద్దకపు కొట్టాలు పెట్టించి, ఆ రంగుకుళ్లంతా ఏట్లోకి వదిలించాడు. చేపలు చచ్చి తేలాయి. గొడ్లు నీళ్లదాకా వచ్చి మూతి తిప్పుకునేవి. జనం ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. వింటేనా!

చివరకు ఆయనకే ఆ రంగు మొహం మొత్తి కొట్టాలు మూయించాడు. అంతే, మర్నాడే దండోరా! "ఏటిని కాపాడిన మహారాజుకు పున్నమినాడు పొద్దున్నే ఏనుగులతో ఊరేగింపు, ఒడ్డున సన్మానం! బెస్తవాడ ఆడవాళ్లంతా హారతులు పట్టాలి. పట్టనివాళ్ల గుడిసెలు పీకిస్తాం!"

ఆ కొలువులో బుచ్చన్న అనే చమత్కారి ఉన్నాడు. బెస్త పోలమ్మ ఏడుస్తూ వచ్చి అతని వాకిట్లో కూలబడింది.

"అయ్యా, ఆ నీళ్లు తాగే నా కోడలికి కడుపు పోయింది. వలేస్తే బురద తప్ప ఏం రాదు. ఈ చేతుల్తోనే ఆయనకు హారతి పట్టాలా?"

బుచ్చన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది. తన్నడం మానిన గాడిదకు పట్టాభిషేకమా అనుకున్నాడు. "పళ్లెం తెచ్చుకో పోలమ్మా. నేను చెప్పేదాకా వెలిగించకు" అన్నాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఏటి ఒడ్డున సన్మానం పొందేవారెవరైనా ముందుగా ఆ ఏటినీళ్లు అరచేత పట్టి మూడు పుడిసిళ్లు తాగాలి. పొగడ్తల సందడిలో రాజు ఆ సంగతే మరిచాడు. బుచ్చన్న మరవలేదు. పున్నమినాడు ఒడ్డున పండితులు పద్యాలు చదువుతుంటే, ఏట్లో ముంచిన వెండిచెంబు పట్టుకుని వచ్చాడు.

రాజు ముక్కు మూసుకున్నాడు. "ఛీ! ఏమిటీ కంపు? ఇది తాగితే మనిషి బతుకుతాడా?"

"బెస్తవాడ వాళ్లు తాగేది ఇదే ప్రభూ. పైగా తమరు కాపాడిన ఏరాయె!"

"మేం ఆపించింది మొన్నేగా! ఆపినంత మాత్రాన అడుగున పేరుకున్న కుళ్లు పోతుందిటయ్యా?"

"ఆ మాట తమ నోటే వినాలని వచ్చాను ప్రభూ! ఇల్లంటించినవాడు చేతిలో కొరివి కింద పడేస్తే శాలువా కప్పుతామా? ఆర్పేదెవరు? కాదూ, సన్మానమే కావాలంటారా, మూడు పుడిసిళ్లు కానివ్వండి!"

రాజు చెంబు వంక చూశాడు, పోలమ్మ చేతిలో వెలగని పళ్లెం వంక చూశాడు. సిగ్గుతో తల దించుకుని, ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"ఓరి బుచ్చన్నా! నా నోటితోనే నాకు తీర్పు చెప్పించావు గదరా! గుడిసెల జోలికి ఎవరూ పోవద్దు." మెడలో హారం తీసి అతని మెడలో వేశాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"ఊరేగింపు ఏనుగులు ప్రభూ. బురద లాగడానికి."

పూలదండలతోనే ఏనుగులు ఏట్లోకి దిగాయి. నల్లటి బురద గట్టెక్కుతుంటే రాజు ఆశగా పోలమ్మ వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఇప్పుడైనా హారతి పడతావా?"

పోలమ్మ పళ్లెం చంకలో పెట్టుకుంది.

"వల్లో చేప పడనీండి దొరా. ఆనాడు నేనే వచ్చి పడతా."